బీటిల్స్ గైడ్‌బుక్ మీద ఆదివారం కూర్చుందాం

అన్నలకు, అక్కలకు నమస్తే.

బీటిల్స్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ మీద మనం ఒకరి తర్వాత ఒకరం చదువుతున్న గైడ్‌బుక్ గురించి ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు ప్రకాశం పార్కులో మాట్లాడుకుందాం.

నచ్చింది, నచ్చనిది మొహమాటం లేకుండా చెప్పండి. నా మటుకు నాకు 1965లో బ్యాండ్ గిటారిస్ట్ జార్జ్ హారిసన్ సితార్ పట్టుకున్న సంగతి చదువుతుంటే ఒళ్లు పులకరించింది. కానీ 1968లో బీటిల్స్ రిషికేశ్‌లో ఉన్నప్పుడు అన్నేసి పాటలు పుడితే దానికి ఒక్క పేజీయేనా? మనసు చివుక్కుమంది.

ఇంకా చదవనివాళ్లు శుక్రవారంలోగా ఇక్కడ చెప్పండి. ఇప్పుడు పుస్తకం దగ్గరున్నవాళ్లు వాళ్లకి అందించండి. అట్ట వెనక కుట్టు ఊడుతోంది, మెల్లగా తిప్పండి. గీతలు పెన్సిల్‌తోనే.

ఆ రోజు కొండకు వెళ్లేవాళ్లుంటే ముందే చెప్పండి, టైమ్ 6కి మారుద్దాం.