రెడ్మండ్ ఓ హాన్లన్ ఉత్త దొంగేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పేజీలో రెడ్మండ్ ఓ హాన్లన్ గురించి రాసింది చదివా, ఐర్లాండ్‌లో దారి దోపిడీ దొంగ అని రెండు ముక్కల్లో తేల్చేశారు, చాలా బాధేసింది సార్. అసలు వాళ్ళ కుటుంబం భూములు ఎలా పోయాయో ఒక్క లైను కూడా లేదు. 1649లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం ఐర్లాండ్‌లో దిగాక 1652 చట్టంతో ఓ హాన్లన్ వాళ్ళలాంటి కాథలిక్కుల భూములు లాగేసుకున్నారు, 1641లో సుమారు 60 శాతం భూమి వాళ్ళ చేతిలో ఉంటే తర్వాత 20 శాతం దగ్గరికి పడిపోయింది. క్రామ్‌వెల్ వాళ్ళ పాలన పోయి 1660లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ తిరిగొచ్చినా ఓ హాన్లన్‌కి దక్కిందేమీ లేదు. ఫ్రెంచ్ సైన్యంలో పనిచేశాడని చెప్పుకుంటారు, అలాంటోడు చివరికి ఆర్మా కౌంటీలో స్లీవ్ గలియన్ కొండలు పట్టాడు.

దోపిడీ చేశాడు, కాదనను. మామూళ్ళు కట్టినోళ్ళ జోలికి వెళ్ళేవాడు కాదు, పైగా వేరే దొంగలు ఎత్తుకెళ్ళిన సరుకు కూడా వెనక్కి ఇప్పించేవాడు, అంటే ఆ ఏరియాలో సర్కారు కంటే ఇతని మాటే ఎక్కువ చెల్లేదన్నమాట.

సైన్యానికి దొరకలేదు గానీ 1681 ఏప్రిల్ 25న నిద్రలో ఉండగా తనతో కలిసి పెరిగిన ఆర్ట్ అనేవాడే కాల్చి చంపాడు, వాడికి క్షమాభిక్ష, 200 పౌండ్లు ఇచ్చారు, శవం తల నరికి డౌన్‌ప్యాట్రిక్ అనే ఊళ్ళో జైలు దగ్గర గుచ్చి పెట్టారు. దొంగ అని రాయండి, కానీ ఈ డబ్బు ఎవరిచ్చారో, ఆ భూములు ఎవరు తీసుకున్నారో కూడా వచ్చే ఆదివారం వేయండి సార్.

ఇట్లు
మీ పాఠకుడు