కొండల్లో హమ్మింగ్‌బర్డ్ కోసం: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చుల లెక్క ఇదివరకే మీకు పంపాం. అందుకని ఈసారి నివేదికలో ఎక్కువ చోటు కొత్తగా మొదలుపెట్టిన పక్షుల పరిశీలనకే ఇస్తున్నాను. కొలరాడోకు వచ్చి ఏళ్లయినా, ఇక్కడి కొండల్లో తిరిగే హమ్మింగ్‌బర్డ్ పేరేమిటో మనలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు.

పేరు బ్రాడ్‌టెయిల్డ్ హమ్మింగ్‌బర్డ్. బరువు నాలుగు గ్రాములకు అటూ ఇటూ. చలికాలమంతా మెక్సికో, గ్వాటెమాలా కొండల్లో గడిపి, ఏప్రిల్ చివర్లో, మేలో రాకీ పర్వతాలకు వస్తుంది. మగదానికి వీపు ఆకుపచ్చ, గొంతు గులాబీ ఎరుపు. వెలుగు సరిగ్గా పడకపోతే ఆ ఎరుపు కాస్తా నల్లగా కనిపిస్తుంది. అందుకే చూడటం కన్నా ముందు వినడం నేర్చుకున్నాం. మగపిట్ట ఎగురుతుంటే రెక్క చివరి సన్నటి ఈకల్లోంచి గాలి దూసుకెళ్లి, దూరంగా చిరుగజ్జెలు మోగినట్టు సన్నటి చప్పుడు వస్తుంది.

జూన్‌లో ఎస్టెస్ పార్క్ దగ్గర పైన్ అడవిలో గంటసేపు బైనాక్యులర్స్ పట్టుకుని తిరిగినా ఏమీ కనబడలేదు. బండ మీద కళ్లు మూసుకుని కూర్చున్న ఓ బామ్మగారు "అదిగోనర్రా, కుడిపక్క" అన్నారు. అందరం అటు తిరిగేసరికి ఎర్రటి పువ్వు ముందు గాల్లో నిలబడి ఉంది! "మన తేనెపిట్టే కదా" అన్నారావిడ. కాదు. తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి తేనె తాగుతుంది. ఇది గాల్లోనే ఆగి తాగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది. హమ్మింగ్‌బర్డ్స్ అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు.

ఆడపిట్టలతోనే అసలు ఇబ్బంది. జులైలో రూఫస్ అనే మరో జాతి హమ్మింగ్‌బర్డ్స్ దిగాక, రెండింటి ఆడపిట్టలూ పక్కటెముకల దగ్గర లేత గోధుమరంగుతో దాదాపు ఒకేలా ఉంటాయి. తేల్చుకోలేనప్పుడు పిల్లలతో నోటుబుక్కులో "తెలియలేదు" అని రాయించాను. ఊహించి పేరు రాయడం కన్నా అదే మేలని నా నమ్మకం.

స్ప్రూస్ కొమ్మ మీద ఒక గూడు కూడా చూశాం. సాలెగూటి దారాలతో అల్లి, పైన నాచులాంటి లైకెన్ అతికించింది. గూడు కట్టడం, పిల్లల్ని పెంచడం అంతా తల్లి ఒక్కతే చేస్తుంది. అది బెదురుతుందేమోనని ఫొటో తీయకుండానే వచ్చేశాం.

ఒక తప్పు కూడా చెప్పాలి. పిట్టల కోసం మనం పెట్టిన ఫీడర్‌ను, అంటే పంచదార నీళ్ల గిన్నెను, ఎండల్లో వారం రోజులు కడగలేదు, లోపల నల్లగా బూజు పట్టింది. చూసి చాలా బాధేసింది. ఇకపై ఒక కప్పు పంచదారకు నాలుగు కప్పుల నీళ్లు, అంతే. ఎర్ర రంగు వద్దు, తేనె వద్దు. ఎండాకాలంలో రెండు రోజులకోసారి కడిగి మార్చాలి. ఎలుగుబంట్లు వస్తాయి కాబట్టి రాత్రి ఫీడర్ లోపల పెట్టేయాలి. వంతులవారీగా కడగడానికి ఆరు కుటుంబాలు కావాలి, ఏప్రిల్‌లోపు పేర్లు ఇవ్వండి.