ఎముక లెక్క వేరు, నరం లెక్క వేరు

సంపాదకులకు నమస్కారం.

పుత్తూరు కట్టు పేరు వినని ఇల్లు మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఉండదు. విరిగిన ఎముక ఎన్నాళ్లకు అతుక్కుంటుందో ఇక్కడ ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది. నరం సంగతి మాత్రం చెప్పేవాళ్లు లేరు. అందుకే బాగుపడాల్సిన చేతులు కూడా పాడవుతున్నాయి.

మా బావమరిదికి బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట ఉంది. కాయ కోస్తూ చెట్టు మీద నుంచి పడ్డాడు. మోచేతికి పైన ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గానీ మణికట్టు వాలిపోయింది, వేళ్లు పైకి లేవలేదు. ఆ ఎముకను ఆనుకుని చుట్టూ తిరిగి కిందికి వచ్చే రేడియల్ నరం దెబ్బతింది. చూపించుకున్న ఆస్పత్రిలో ఎక్స్‌రే చూసి, ‘అతుక్కుంది, ఇక రానక్కర్లేదు’ అన్నారు. నరం మాటే ఎత్తలేదు. ఊళ్లో అయితే ‘నరం చచ్చిపోయిందిలే’ అని తేల్చేశారు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నాడీకణాలు విభజన చెందవని పిల్లలకు చెబుతాం, అది నిజమే. కానీ చేతి కండరాలను కదిలించే నాడీకణం అసలు శరీరం వెన్నుపాములో ఉంటుంది. చేతిలో తెగేది దాని పొడవాటి తంతువు మాత్రమే. కణం బతికి ఉంటే తంతువు మళ్లీ పెరుగుతుంది. దానికి దారి చూపేవి, నరంలో తంతువును అంటిపెట్టుకుని ఉండే ష్వాన్ కణాలు.

మామూలు రోజుల్లో వాటి పని తంతువు చుట్టూ మైలీన్ అనే కొవ్వు తొడుగు చుట్టడం. దెబ్బ తగిలితే ఆ పని ఆపేస్తాయి. దెబ్బకు కిందనున్న తంతువు శిథిలమవుతుందని 1850లోనే ఆగస్టస్ వాలర్ అనే శాస్త్రవేత్త కప్ప నాలుక నరాలు కోసి చూపించాడు. ఆ శిథిలాలను ష్వాన్ కణాలే తొలగించడం మొదలుపెడతాయి, తమ సొంత మైలీన్‌ను కూడా. సాయానికి రక్తంలోంచి చెత్తను మింగేసే కణాలైన మాక్రోఫేజ్‌లను రప్పిస్తాయి. తర్వాత తాము విభజన చెంది, తంతువు చుట్టూ మిగిలిన పాత గొట్టం లోపల వరసగా నిలబడి, పెరుగుదలకు కావలసిన ప్రొటీన్లు విడుదల చేస్తాయి. పందిరికి కట్టిన తాడు పట్టుకుని చిక్కుడు తీగ పాకినట్టు కొత్త తంతువు ఆ వరస వెంట సాగుతుంది. అది వచ్చాక మళ్లీ తొడుగు చుట్టేదీ అవే. ఒక కణం తన వృత్తి మార్చుకుని, అవసరం తీరాక పాత పనికి తిరిగి రావడం ఎన్నిసార్లు చదివినా నాకు అబ్బురమే. మెదడు, వెన్నుపాముల్లో ఈ ఏర్పాటు లేదు.

అయితే ఈ పెరుగుదల రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. దండచేతి మధ్య నుంచి ముంజేతి కండరం చేరడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అన్నాళ్లూ బయటికి ఏమీ కనిపించదు. సరిగ్గా అప్పుడే మనవాళ్లు ఫిజియోథెరపీ మానేస్తారు, మణికట్టు వాలకుండా కట్టే స్ప్లింట్ మూలన పడేస్తారు. వేళ్ల కీళ్లు బిగుసుకుపోయాక నరం వచ్చినా లాభం ఏముంది? మా వాడిని బతిమాలి, కోప్పడి వ్యాయామాలు చేయించాం. ముందు మణికట్టు లేచింది, తర్వాత వేళ్లు. బొటనవేలు ఇంకా పూర్తిగా రాలేదు.

ఓపిక అంటే ఊరికే కూర్చోవడం కాదు. నాలుగు నెలలు దాటినా కదలిక లేకపోతే నరాల పరీక్ష చేయించి సర్జన్‌కు చూపించాలి. ఎందుకంటే ష్వాన్ కణాలు ఎల్లకాలం ఆ సాయం చేయలేవు, రోజులు గడిచేకొద్దీ నీరసిస్తాయి. నరం అందని కండరం కూడా ఏడాది, ఏడాదిన్నర దాటితే కోలుకోవడం కష్టం. ఇక గాజు పెంకో కత్తో కోసుకుపోతే నెలల తరబడి ఎదురుచూడకూడదు. తెగిన కొసలను వెంటనే కలిపి కుట్టాలి. చర్మానికి కుట్లు వేసే ముందే వేళ్లకు స్పర్శ ఉందా, కదులుతున్నాయా అని చూడటానికి రెండు నిమిషాలు చాలు.

మన జిల్లాల ఆస్పత్రులకు నా విన్నపం ఒక్కటే. ఎముక విరిగిన వాళ్లకిచ్చే డిశ్చార్జి కాగితంలో నరం పరిస్థితి ఏమిటి, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నది తెలుగులో రాసివ్వండి. మీ ఆరోగ్యం పేజీలో కూడా ఈ విషయం మామిడి కోతలు మొదలయ్యేలోపు వేయమని కోరుతున్నాను.

– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, చిత్తూరు