గ్రామ చర్చిలో పాట నిలవాలి: ఫ్రాన్స్ సాంస్కృతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఫ్రాన్స్ సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. నేను లియోన్ నగరంలో ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగువాడిని. ఈ లేఖ ఫ్రెంచి ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. నాలాగే ఇక్కడ పన్నులు కడుతూ, సెలవుల్లో ఈ దేశపు పల్లెలు చూడటానికి వెళ్లే తెలుగువారు కూడా ఈ విషయాన్ని పట్టించుకోవాలన్న కోరికతో తెలుగులోనూ ప్రకటిస్తున్నాను. నా విన్నపం ఒక్కటే. రక్షిత కట్టడాల జాబితాలో లేని గ్రామ చర్చిలకు మరమ్మతు నిధులు కేటాయించేటప్పుడు, అక్కడ జరిగే గాన సభలను ఆ కట్టడం ఊరికి ఇంకా అవసరమేననడానికి సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోండి.

గత శీతాకాలంలో బుర్గుండీ ప్రాంతంలో, క్లూనీకి దగ్గరలోని ఒక చిన్న పల్లె చర్చిలో స్థానిక గాయక బృందం పాడుతోందని తెలిసి వెళ్లాను. బయటికంటే లోపలే చలి ఎక్కువగా ఉండటంతో ఎవరూ కోట్లు విప్పలేదు. స్తంభాలకు బిగించిన విద్యుత్ హీటర్లు ఎర్రగా కాలుతూ సన్నగా రొద చేస్తుంటే, పాట మొదలయ్యే ముందు ఎవరో లేచి వాటిని ఆపేశారు. బృందాన్ని నడిపించే ఆవిడ ట్యూనింగ్ ఫోర్కును మోకాలికి తాటించి, చెవి దగ్గర పెట్టుకుని, ఆడ గొంతుల్లో పై శ్రుతివారికీ కింది శ్రుతివారికీ, అలాగే మగవారికీ ఎవరి స్వరం వారికి మెల్లగా అందించారు. ఫ్రెంచి స్వరకర్త గాబ్రియేల్ ఫోరే తన విద్యార్థి దశలో, 1865లో పూర్తి చేసిన కీర్తన ఒకటి పాడారు. పాడేవారు నోరు మూసిన తర్వాత కూడా ఆఖరి స్వరం రాతి కమాను కింద కొన్ని క్షణాలు నిలిచే ఉంది, ఆవిడ చేతులు దించేదాకా ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అదే కమాను కింద, ఊడిపడే సున్నపు పెచ్చులు జనం మీద పడకుండా వల కట్టి ఉంది.

ఆ వలే నా చేత ఈ లేఖ రాయిస్తోంది. టికెట్టు లేని ఆ సభకు వచ్చినవారు వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గరి బుట్టలో తోచినంత వేశారు, ఆ డబ్బు పైకప్పు మరమ్మతుకేనని చెప్పారు. అలాంటి బుట్టలతో పైకప్పులు బాగుపడవని మీకు నేను చెప్పనక్కర్లేదు.

మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరు చేసిన 1905 డిసెంబరు 9నాటి చట్టం, దాని వెనుక వచ్చిన చట్టాల ఫలితంగా, అప్పటికే ఉన్న గ్రామ చర్చిలు దాదాపు అన్నీ ఆయా గ్రామ పాలక సంఘాల ఆస్తి అయ్యాయి. వాటి సంరక్షణకు ఖర్చు పెట్టేందుకు 1908 చట్టం అనుమతించింది గానీ తప్పనిసరి చేయలేదు. కొన్ని వందల జనాభా ఉన్న పల్లె మేయరు ముందు ఒకవైపు బడి, ఇంకోవైపు రోడ్డు, మరోవైపు చర్చి పైకప్పు ఉంటే, మూడోది ఏటేటా వెనక్కి పోతుంది. ఈలోగా రెండు పెంకులు జారిన చోట దిగిన నీరు దూలాలను కుళ్లబెడుతుంది, కొద్ది డబ్బుతో పోయే పని ఊరి తాహతుకు మించినదవుతుంది. 2030 నాటికి 2,500 నుంచి 5,000 వరకు మత కట్టడాలు పాడుబడటమో, అమ్ముడుపోవడమో, కూల్చివేతకు గురికావడమో జరగవచ్చని 2022లో మీ సెనేట్ నివేదికే హెచ్చరించింది.

క్లూనీ మఠం సంగతి మీకు తెలియనిది కాదు. రోమ్‌లో సెయింట్ పీటర్స్ కట్టేదాకా క్రైస్తవ లోకంలోకెల్లా పెద్దదైన ఆ మఠం చర్చిని ఫ్రెంచి విప్లవం తర్వాత అమ్మేసి, రాళ్ల గనిలా తవ్వుకుపోయారు. ఇవాళ చూడటానికి మిగిలింది పదో వంతు కూడా ఉండదేమో. అది ఒక్క పెద్ద కట్టడం కనుక ప్రపంచమంతా బాధపడింది. పల్లె చర్చి కూలితే ఆ ఊరివాళ్లు తప్ప బాధపడేవారుండరు.

నేను క్రైస్తవుణ్ణి కాను. ఆ రాత్రి బల్లల మీద కూర్చున్నవారిలో చాలామంది ఆదివారం ప్రార్థనకు వెళ్లేవారు కాదని పక్కనున్నవారే చెప్పారు. గోదావరి ఒడ్డున రామాలయంలో ఊరందరూ కలిసి పాడే భజనలు వింటూ పెరిగిన నాకు, భక్తి ఉన్నా లేకపోయినా ఊరిని ఒకచోట కూర్చోబెట్టే గుడి ఎంత అవసరమో తెలుసు. ఆ పల్లెలో సామూహిక భవనం కూడా ఉంది, కానీ దాని తక్కువ ఎత్తు సీలింగు కింద గొంతులు అణిగిపోతాయని పాడేవారే అన్నారు. పాత చర్చిలను కట్టినవారు ధ్వని గురించి కూడా ఆలోచించారు. గానం మెరుగ్గా వినిపించాలని గోడల్లో మట్టి కుండలు పొదిగిన చర్చిలు మీ దేశంలో చాలా ఉన్నాయి, మెట్స్ నగరంలోని సెలెస్తాన్లు అనే క్రైస్తవ సన్యాసుల మఠంలో 1432లో అలా కుండలు పెట్టించిన వైనం వారి చరిత్రలోనే రాసి ఉంది. 1953 నుంచి మూడేళ్లకోసారి వేజోన్ లా రొమేన్ పట్టణంలో వేలమంది గాయకులు కలిసే ఉత్సవం జరుపుకునే దేశంలో పాడేవారికి కొదవ లేదు. పాటకు తగిన చోటే పల్లెల్లో కరువవుతోంది.

పదివేల లోపు జనాభా ఉన్న ఊళ్ల మత కట్టడాల కోసం 2023లో అధ్యక్షులు ప్రకటించిన జాతీయ విరాళాల సేకరణ మంచి పని. నాలుగేళ్లలో 20 కోట్ల యూరోలన్న లక్ష్యమూ చిన్నది కాదు. అయితే విరాళం అడగాలన్నా, ప్రభుత్వ సాయం కోరాలన్నా ముందు అంచనాలు, నకళ్లు, దరఖాస్తులు తయారు కావాలి. ఒక్క కార్యదర్శి, అదీ వారంలో కొన్ని పూటలే పనిచేసే గ్రామ పాలక కార్యాలయానికి అది మోయలేని బరువు. కనుక ప్రతి జిల్లాలోనూ ఇలాంటి చర్చిలను పరిశీలించి, కాగితాలు సిద్ధం చేసిపెట్టే ఇంజినీర్లను మీ శాఖ తరఫున నియమించవలసిందిగా, చర్చి బాధ్యుడైన ఫాదరు సమ్మతితో గాన సభలు నడుపుతున్న ఊళ్లకు పైకప్పు పనుల్లో ముందు వరుస ఇవ్వవలసిందిగా సవినయంగా కోరుతున్నాను. వచ్చే శీతాకాలం వానలకు ముందే ఈ దిశగా ఉత్తర్వులు వెలువడతాయని ఆశిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
లియోన్ నివాసి అయిన ఒక తెలుగు శ్రోత