తామర క్రీములపై నిఘా ఏది?

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే మందుల షాపుల్లో తామర క్రీముల అమ్మకం జోరందుకుంటుంది. తామర ఫంగస్ వల్ల వచ్చేది. కానీ డాక్టరు చీటీ లేకుండా వెళ్లి అడిగితే చాలాచోట్ల చేతిలో పెట్టేది ఫంగస్ మందు, యాంటీబయాటిక్, క్లోబెటాసోల్ లాంటి ఘాటైన స్టెరాయిడ్ కలిపిన ట్యూబ్. రెండు రోజులకే దురద తగ్గుతుంది. అక్కడే మోసపోతాం. స్టెరాయిడ్ ఎరుపునీ దురదనీ అణచిపెడుతుంది, అడుగున ఫంగస్ పాకుతూనే ఉంటుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి డాక్టర్లకే పోల్చుకోవడం కష్టమయ్యే ఈ స్థితిని టీనియా ఇన్‌కాగ్నిటో అంటారు. పైగా గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడితే అవి పూర్తిగా పోవు.

ఇప్పుడు దేశంలో విస్తరించిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్ చాలామందిలో ఫంగస్ మందైన టెర్బినాఫిన్‌కు లొంగడం లేదు. 2018లోనే కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. అంటే చీటీ లేనిదే అమ్మకూడదు. ఆ నిబంధన ఎవరికైనా పట్టిందా అని నా అనుమానం! ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీలు పెంచాలి. ఇంట్లో ఒకరికి వస్తే తువ్వాళ్లు వేరు చేసుకోవాలనీ, దురద ఉన్నవాళ్లంతా ఒకేసారి చూపించుకోవాలనీ ఆశా కార్యకర్తలతో చెప్పిస్తే ఇంకా మంచిది.

– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా