బ్రౌజర్ అప్‌డేట్‌కి కూడా ఫైలు కదలాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా యూనివర్సిటీ పేరు రాయడం లేదు, ఇంకో ఏడాది అక్కడే చదవాలి కదా. పోయిన నెల స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఆఖరి రోజు, లైబ్రరీ పక్కనున్న కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుంటే పేజీ సగం వచ్చి ఆగిపోయింది, పైన మాత్రం మీ బ్రౌజర్ పాతది, అప్‌డేట్ చేయండి అని. నాలుగు సిస్టమ్స్ మారాను, నాలుగింట్లోనూ అదే. ఆ టెన్షన్‌లో గేటు బయట నెట్ సెంటర్‌కి పరిగెత్తి 50 రూపాయలిచ్చి పంపించుకున్నాను.

ల్యాబ్ అన్నని తప్పుపట్టను. "నేను ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా పొద్దున ఆన్ చేసేసరికి మళ్లీ పాతదే వస్తుందమ్మా" అన్నాడు. నిజమే. ఎవరూ గేమ్స్ ఎక్కించకుండా, పెన్‌డ్రైవ్‌ల నుంచి వైరస్ పాకకుండా, రీస్టార్ట్ చేయగానే డిస్క్ మునుపటిలా అయిపోయే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టారు. మంచి ఏర్పాటే, కాకపోతే వైరస్‌తో పాటు అప్‌డేట్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. దాన్ని ఆపి, అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, అది కంప్యూటర్ సెంటర్‌లో ఉంటుంది, వాళ్లేమో కాంట్రాక్టర్‌ని అడగమంటారు, ఆ కాంట్రాక్టర్ ఏఎంసీ, అంటే ఏటా చేసుకునే మెయింటెనెన్స్ ఒప్పందం, ఎప్పుడో అయిపోయింది.

పైగా సగం సిస్టమ్స్‌లో ఇంకా విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2020 జనవరి 14నే ఆపేసింది, క్రోమ్ కూడా 2023లో 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. అంటే పాస్‌వర్డ్ దొరికినా వాటిలో కొత్త క్రోమ్ ఎక్కదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే ఆ పాత సిస్టమ్స్‌లోనే కొత్త ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ నడుస్తుంది, లైసెన్స్‌కి రూపాయి కూడా కట్టక్కర్లేదు.

కంప్యూటర్ సెంటర్‌లో అడిగితే ఇంకో కారణం చెప్పారు. ఆఫీసులో మార్కులు ఎక్కించే పాత సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకోదట, అందుకని దేన్నీ కదపడానికి భయమట. 2022 జూన్ 15న రిటైరైన బ్రౌజర్ అది! ఆఫీసు సిస్టమ్స్‌లో విండోస్ 10 ఉంది, మైక్రోసాఫ్ట్ వాళ్ల కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ సైట్లు తెరవడానికే ఐఈ మోడ్ అని ఒకటుంది, ఆ ఒక్క సైట్‌ని అందులో పెట్టుకుంటే సరిపోతుంది. అయినా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కీ మా ల్యాబ్‌కీ ఏం సంబంధం?

పేజీ తెరుచుకోకపోతే తిట్టుకుని నెట్ సెంటర్‌కి పోతాం, తెరుచుకుంటేనే అసలు భయం. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ పాతదాంట్లో ఎక్కడెక్కడ కంతలున్నాయో లోకమంతా తెలిసిపోతుంది, దొంగలకు కూడా. హాస్టల్ పిల్లలు అలాంటి సిస్టమ్స్‌లోనే మెయిల్ తెరుస్తున్నారు, ఏటీఎం కార్డు నంబర్ కొట్టి పరీక్ష ఫీజు కడుతున్నారు.

నేను కొత్త కంప్యూటర్లు అడగడం లేదు. నెలకోసారి, రెండో శనివారం ల్యాబ్ ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆ రోజు ఆ సాఫ్ట్‌వేర్ ఆపి, అప్‌డేట్లు చేసి, మళ్లీ ఆన్ చేయమనండి. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో నోటీసు బోర్డులో పెట్టమనండి. అర్జీ ఇచ్చి మూడు వారాలైంది, ఇన్‌వర్డ్ నంబర్ కూడా ఉంది. రమ్మంటే ఆ శనివారం నేనూ వస్తాను, లైనక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ నా బ్యాగులోనే ఉంది.

- ఒక పీజీ విద్యార్థిని