ఎండది కాదు తప్పు, వేళకు కటింగ్ చేయనివాళ్లది

సంపాదకుల వారికి,

మా కాలనీ సీసీ రోడ్డు వేసిన నెలకే బీటలు వారిందని గత వారం మీ పత్రికలో రాశారు. అందులో అధికారుల వివరణ చదివినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. ఎండల తీవ్రత వల్లేనట! అనంతపురానికి ఎండలు ఈ ఏడాదే వచ్చాయా? సిమెంటు, కంకర పనుల్లోనే తల నెరిసినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

కాంక్రీటు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది. పగలంతా కాగిన రోడ్డు మొదటి రాత్రి చల్లబడేసరికి ఇంకా బిగుసుకుని పగులుతుంది. అందుకే ఎక్కడ పగలాలో అక్కడ ముందే గీత కోస్తాం, దాన్నే కటింగ్ అంటాం. ఆరంగుళాల రోడ్డుకు 12 నుంచి 15 అడుగులకొకటి, మందంలో కనీసం నాలుగో వంతు లోతున కటింగ్ పడాలి. అదీ అదను చూసి. పచ్చిగా ఉండగా కోస్తే అంచుల కంకర లేచిపోతుంది, ఆలస్యం చేస్తే బీట ముందే పడిపోతుంది. ఎండాకాలం ఫినిషింగ్ అయిన 4 గంటల నుంచే కనిపెట్టుకుని ఉండాలి, చలికాలమైతే 12 గంటలు పట్టొచ్చు. మన పొడిగాలికి ఆ అదను ఇంకా తొందరగా దాటిపోతుంది.

మా వీధిలో రోడ్డు పోసిన కొన్ని రోజుల తర్వాత గానీ ఆ గీత కోసే కట్టర్ మిషన్ రాలేదు. అప్పటికే పాలకేంద్రం ముందు సన్నటి బీట అడ్డంగా పాకింది. దానికి జానెడు దూరంలో గీత కోసి పోయారు. ఆ గీత అలాగే ఉంది, బీటలో మాత్రం ఇప్పుడు రూపాయి బిళ్ల నిలువుగా దిగుతోంది. అడిగితే, ఉన్నది ఒక్కటే మిషన్, వేరే వార్డులో ఉండిపోయిందన్నారు. మరి మిషన్ లేకుండా కాంక్రీటు ఎందుకు పోశారు? గోనెపట్టాలు కప్పలేదు, నీళ్లు పట్టిన పాపాన పోలేదు. ఆడవాళ్లే బిందెలతో తెచ్చి చల్లారు. పోసేటప్పుడు ఫొటోలు దిగిన అధికారులు కటింగ్ వేళకు ఒక్కరూ లేరు. ఇప్పుడు బీటల్లో సిమెంటు పాలు పోయిస్తున్నారు. రేపు లారీలు తిరిగితే అది నిలిచేది కాదు.

ఇంటిపన్ను ఆలస్యమైతే వడ్డీతో వసూలు చేస్తారు. రోడ్డు వేశాక కుళాయి పైపుల కోసం మళ్లీ తవ్వుతారు. మా డబ్బుకు లెక్క చెప్పేవాళ్లే లేరు.

కాంక్రీటు పోసిన టైమ్, కటింగ్ చేసిన టైమ్ ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) రాయించాలి. అది లేకుండా బిల్లు పాస్ చేయకూడదు. పగిలిన పలకలు తీసి కాంట్రాక్టర్ ఖర్చుతోనే మళ్లీ పోయించాలి. పక్క వీధిలో త్వరలో పని మొదలవుతుందంటున్నారు. అక్కడ కట్టర్ సైటుకు చేరాకే కాంక్రీటు కలిపే మిల్లరు తిప్పనివ్వాలి.

– ఓ రిటైర్డ్ సైట్ సూపర్‌వైజర్, అనంతపురం